బేతాళుడు ఏ చెట్టుపై నుండును?



గత సంవత్సరము తొమ్మిదవ తరగతిలో ఒక పాఠము ముగించి నేను పుస్తకము మూయుచుండగా, వెనుక బల్ల నుండి ఒక బాలుడు లేచి, "కథ అయిపోయింది సరే సార్, ఆ తర్వాత ఏమయింది?" అని అడిగెను. తరగతి యంతయు నవ్వెను. నేనును నవ్వితిని. అంతలో గంట కొట్టిరి. కాని యింటికి పోవు దారి పొడవునను ఆ ప్రశ్న నా వెంట వచ్చినది. ఏలయనగా ఆ వయస్సున నేనును ఆ ప్రశ్ననే పెక్కుమార్లు అడిగితిని. జవాబు చెప్పువారు లేకపోగా, జవాబును నేనే వ్రాసికొనుటకు మొదలుపెట్టితిని. ఆ అలవాటు ముప్పది యేండ్లుగా నన్ను విడువలేదు. దానిని గూర్చియు, దాని వలన నేను నేర్చుకొన్న సంగతులను గూర్చియు, ఉపాధ్యాయుడనైన పిదప దాని విషయమున నేను చేసిన యొక పొరపాటును గూర్చియు ఈ పాఠమున చెప్పదలచితిని.

అభిమాన కథ యనగా నేమి?

ఒకరు చెప్పిన కథ మనకు మిక్కిలి నచ్చినపుడు, అందలి మనుష్యులను విడిచి వచ్చుటకు మనస్సొప్పదు. వారిని గూర్చియే మరియొక కథ కల్పింపవలెనని తోచును. అట్లు కల్పించిన దానిని ఆంగ్లమున 'ఫ్యాన్ ఫిక్షన్' అందురు. మనము దానిని 'అభిమాన కథ' యనుకొందము.

ఇంగ్లండు దేశమున ఆర్థర్ కోనన్ డాయిల్ అను రచయిత, తాను సృష్టించిన షెర్లాక్ హోమ్స్ అను అపరాధ పరిశోధకుడు ఒక జలపాతమువద్ద మరణించినట్లు 1893లో కథ వ్రాసెను. పాఠకులు దానిని ఒప్పుకొనలేదు. తుదకు రచయితయే 1903లో హోమ్స్‌ను మరల బ్రదికించి తీసికొని రావలసి వచ్చినది. డాయిల్ వ్రాసిన హోమ్స్ కథలు, నవలలు కలిసి 60. ఆ పాత్రను తీసికొని ఇతరులు వ్రాసినవి లెక్కకు మించినవి. అమెరికాలో 1966లో 'స్టార్ ట్రెక్' అను అంతరిక్షయాత్రా నాటకము టెలివిజన్‌లో ప్రారంభము కాగా, మరుసటి యేడే, 1967లో, దాని అభిమానులు 'స్పాకనాలియా' అను చిన్న పత్రికను తమ ఖర్చుతో తామే వెలువరించిరి. అభిమాన కథలకు ఈ కాలమున వచ్చిన ప్రచారమునకు అదియొక మొదలు.

పేరు క్రొత్తదే కాని, పని మనకు క్రొత్తది కాదు. లక్ష్మణుడు అడవికి పోయిన పదునాలుగేండ్లును అతని భార్య ఊర్మిళ యేమి చేసినది? వాల్మీకి ఆ సంగతి చెప్పలేదు. మన తెలుగు స్త్రీలు ఊరకుండలేదు. ఆమె ఆ పదునాలుగేండ్లును నిద్రించినదని పాట కట్టి, తరతరములు పాడుకొనిరి. అభిమన్యుడు బలరాముని కూతురగు శశిరేఖను పెండ్లాడిన కథ వ్యాసభారతమున లేదు. జనుల నోటి కథలలో పెరిగి, నాటకములలో ఆడి, 1957లో 'మాయాబజార్' చలనచిత్రమై యింటింటికిని చేరినది. "ఆ తర్వాత ఏమయింది?" అనియు, "అప్పుడు ఆమె యెక్కడ ఉన్నది?" అనియు అడిగినవారు మన అవ్వలలోను ఉండిరి. వెనుక బల్ల బాలుడు వారి వంశమువాడే.

ఇరువదియైదు కథల మూట

ఈ విషయమును బాగుగా తెలిసికొనుటకు ఒక్క ఉదాహరణమును తీసికొని లోతుగా చూతము. మీరందరు ఎరిగిన బేతాళ కథలే ఆ ఉదాహరణము.

11వ శతాబ్దమున కాశ్మీర దేశపు కవి సోమదేవుడు సంస్కృతమున 'కథాసరిత్సాగరము'ను రచించెను. అందులో బేతాళుని కథలు 25 కలవు. గోదావరీ తీరమున గల ప్రతిష్ఠానము, అనగా నేడు మహారాష్ట్రలో నున్న పైఠణము, ఆ కథకు రంగస్థలము. రాజు పేరు అక్కడ త్రివిక్రమసేనుడు. ఒక భిక్షువు ప్రతిదినము కొలువునకు వచ్చి రాజునకు ఒక పండు సమర్పించుచుండెను. ఒకనాడు ఒక కోతి ఆ పండును కొరుకగా అందులో నుండి రత్నము రాలినది. అన్ని పండ్లలోను రత్నములే యున్నవని తెలిసి, రాజు భిక్షువునకు ఏమి కావలెనో యడిగెను. శ్మశానమున చెట్టుకు వ్రేలాడు శవమును మోసి తెమ్మని అతడు కోరెను. ఆ శవమున బేతాళుడు ఉన్నాడు. దారిలో బేతాళుడు కథ చెప్పును. కథ చివర ఒక చిక్కు ప్రశ్న వేయును. జవాబు తెలిసియు చెప్పకున్న రాజు తల పగులునని బెదరించును. జవాబు చెప్పగానే రాజు మౌనము చెడును. శవము మరల చెట్టుకు చేరును. చివరి ప్రశ్నకు రాజునకు జవాబు తోచలేదు. అతడు మౌనముగా నడచెను. దానికి బేతాళుడు సంతసించి, భిక్షువు నిన్నే బలి యిచ్చుటకు ఎదురుచూచుచున్నాడని హెచ్చరించి, తప్పించుకొను ఉపాయము చెప్పెను.

ఈ కట్టడమును కొంచెము నిలిచి పరిశీలింపుడు. నోరు విప్పిన పని చెడును. విప్పకున్న తల పగులును. ఇట్టి యిరకాటమున రాజును నిలిపిన వాని తెలివికి నేను ఇప్పటికిని ఆశ్చర్యపడుదును. కథ యెన్నిమార్లు మొదలైనను కొట్టుబడదు.

అందలి ప్రశ్నలు ఎట్టివో చూడుడు. ఒక కన్య మరణించినది. ఆమెను కోరి వచ్చినవారు ముగ్గురు. ఒకడు ఆమె బూడిదపై పడుకొని అక్కడనే యుండెను. ఒకడు ఆమె ఎముకలను గంగకు కొనిపోయెను. మూడవవాడు దేశములు తిరిగి, చచ్చినవారిని బ్రదికించు మంత్రమును తెచ్చి, ఆమెను లేపెను. ఆమె యెవరికి భార్య కావలెను? బ్రదికించినవానికే యని మీరందురు. రాజు అట్లనలేదు. ప్రాణము పోసినవాడు తండ్రివంటివాడు. ఎముకలను గంగకు చేర్చుట కొడుకు చేయు పని. బూడిదను కౌగిలించుకొని పడియున్నవాడే భర్త యనెను. ముగ్గురును మంచివారే. ముగ్గురికిని హక్కున్నట్లే తోచును. అందుచేతనే అది ప్రశ్న యైనది.

మరియొక కథలో ఒక స్త్రీ, తెగిపడిన తన భర్త తలను, తన సోదరుని తలను తొందరలో తారుమారుగా మొండెములకు అతికినది. ఇద్దరును లేచి నిలిచిరి. భర్త యెవరు? అవయవములలో తల ప్రధానము గనుక భర్త తల గలవాడే భర్త యని రాజు తేల్చెను. బేతాళుడు తృప్తిపడెను. కాని తృప్తిపడని పాఠకులును కలరు. జర్మను రచయిత థామస్ మాన్ ఈ వృత్తాంతమును తీసికొని 1940లో ఒక నవలిక ప్రచురించెను. దానిని ఆధారము చేసికొని మన పొరుగు కన్నడ భాషలో గిరీశ్ కర్నాడ్ 1970 ప్రాంతమున 'హయవదన' నాటకమును వ్రాసెను. ఇద్దరును అడిగినది ఒకటే: తీర్పు సరే, మరునాటి నుండి ఆ యింట కాపురము ఎట్లు సాగినది? తల శరీరమును మార్చునా, శరీరము తలను మార్చునా? చూచితిరా, వెనుక బల్ల బాలుని ప్రశ్న ఎంతదూరము పోయినదో!

ఇరువదియారవ కథ

మూల కథలు 25తో ముగిసినవి. కాని నేను చిన్ననాట చదివిన బేతాళ కథలు ముగియనే లేదు. 1947 జూలైలో మదరాసున 'చందమామ' పత్రిక వెలువడినది. అదే తమిళమున 'అంబులిమామ'. అందులో బేతాళ కథలు వచ్చుట మొదలై, మూలములోని కథలు తీరిన పిదపను దశాబ్దముల తరబడి నెలనెలయు ఒక క్రొత్త బేతాళ కథ వచ్చుచుండెను. ఆ కథలు ఎక్కడివి? కొన్ని సంపాదక వర్గమువారివి. పెక్కు కథలు పాఠకులు పంపినవి. 1980లో మరణించువరకు ఆ పత్రికను నడపిన కొడవటిగంటి కుటుంబరావుగారు పాఠకుల కథలను బేతాళుని అచ్చులో పోసి తిరుగ వ్రాయుచుండెడివారు. భుజముపై శవము, చేత కత్తి గల విక్రమార్కుని బొమ్మను 'శంకర్' అను చిత్రకారుడు గీసెను. ఆయన 2020లో దివంగతుడయ్యెను. పత్రికయు 2010 తరువాత కొన్ని యేండ్లకు ఆగిపోయినది. అయినను ఒక సంగతి మరువరాదు. ఒక శ్మశానము, ఒక రాజు, ఒక శవము అను చట్రమును తీసికొని, ఊరూర నుండి పాఠకులు కథలు అల్లి పంపిరి. ఇంతకంటె పెద్ద అభిమాన కథా సంపుటము తెలుగులో నేను ఎరుగను.

1990 ప్రాంతమున నాకు పదేండ్లు. మా యూరు నాటి ధర్మపురి జిల్లాలో ఉండెను. 2004 నుండి అది కృష్ణగిరి జిల్లా. మా మేనమామ హోసూరు బస్టాండులో 'చందమామ' కొని, సంచిలో కూరగాయల నడుమ పెట్టి తెచ్చుచుండెను. నేను మొదట బేతాళ కథను తీసి, ప్రశ్న వచ్చు చోట అరచేత పుట మూసికొని, రాజు జవాబు నేనే చెప్పుటకు ప్రయత్నించుచుంటిని. పది నెలలలో ఎనిమిది నెలలు ఓడిపోవుచుంటిని. తెలిసిన రెండు నెలలును నేనే విక్రమార్కుడను!

నా తొలి కథలు, మా అవ్వ తీర్పులు

ఒక వేసవి సెలవులలో నేను బేతాళ కథ వ్రాసితిని. ఇద్దరు అన్నదమ్ములు మామిడిచెట్టుకై తగవులాడు కథ. పెద్దవాడు దొంగ, చిన్నవాడు మంచివాడు. చెట్టు ఎవరికి చెందవలెనని బేతాళుని ప్రశ్న. మా అవ్వకు చదువు రాదు. వాకిట కూర్చుండి అనపకాయలు ఒలుచుచు విన్నది. విని యిట్లనెను:

"పెద్దోడు దొంగ అని మొదట్లోనే చెప్పేస్తివి. ఇంగ రాజును అడిగేదేముందిరా? ఆ పీనుగును మోసిన కష్టం దండగ."

నేను అలిగితిని. కాని రెండుదినములకు ఆ మాట నిజమని తోచినది. మరియొక కథ వ్రాసితిని. ఈ మారు ఇద్దరును మంచివారే. ప్రశ్నయు చిక్కుగానే యుండెను. రాజు జవాబు చెప్పుచు, చిన్నవాడు పూర్వము పెద్దవానికి రహస్యముగా ధనమిచ్చి యుండెనని బయట పెట్టెను. అవ్వ చేతిలోని కాయను క్రింద పెట్టి, "ఆ మాట నాకు ముందు చెప్పలేదే! తెలియని మాటతో గెలిస్తే అది తీర్పా?" అనెను.

తరువాత శిక్షణ కళాశాలలో కథానిర్మాణమును గూర్చి గ్రంథములు చదివితిని. ఆ రెండు వాక్యములకు మించిన సూత్రము నాకు వానిలో కనబడలేదు. వానికి నా అనుభవమును చేర్చి, అభిమాన కథ వ్రాయువారు పాటింపవలసిన నియమములను మీకు చెప్పుచున్నాను.

మొదటిది చట్రము. దానిని మార్చరాదు. రాజు అబద్ధమాడడు, బేతాళుడు తెలివిమాలిన ప్రశ్న వేయడు, జవాబు చెప్పిన పిదప శవము నిలువదు. పరుల యింటికి చుట్టముగా పోయినపుడు ఆ యింటి మర్యాదను పాటించినట్లే యిదియు. చట్రము గట్టిగా నుండుటచేతనే లోపల మనకు స్వేచ్ఛ దొరకును.

రెండవది ప్రశ్న. ఇరుపక్షములందును న్యాయము ఉండవలెను. వినువారిలో సగముమంది ఒకవైపు, సగముమంది రెండవవైపు నిలువనిచో అది ప్రశ్న కాదు.

మూడవది జవాబు. అది వినువారికి ఆశ్చర్యము కలిగింపవలెను. కాని దాని విత్తనము కథలో ముందే పడియుండవలెను. వెనుకకు తిరిగి చూచినపుడు, "అయ్యో, ఇక్కడనే యున్నది, మేమే చూడలేదు" అని వారు అనవలెను.

నాలుగవది నిజాయితీ. సోమదేవుడు చెప్పిన చట్రము వేయేండ్లనాటిది; దానిని ఎవరైనను వాడుకొనవచ్చును. కాని ఈ కాలపు రచయిత వాక్యములను ఎత్తి వ్రాసి మనవి యనరాదు. ఎవరి కథను ఆధారము చేసికొంటిమో పైన ఒక పంక్తిలో చెప్పుట వలన మన గౌరవము తగ్గదు, పెరుగును.

ఈ నాలుగింటిని నేను పిల్లలకు చాల యేండ్లుగా చెప్పుచున్నాను. అయిదవది యొకటి కలదు. దానిని నేను పిల్లలకు చెప్పలేదు. ఒక విద్యార్థిని నాకు చెప్పినది.

ఎఱ్ఱ సిరా

నాలుగేండ్ల క్రిందట తొమ్మిదవ తరగతివారిని బేతాళ కథ వ్రాసి తెమ్మంటిని. ఒక బాలిక తెచ్చిన కథ యిది.

ఒక యూర ఒక వితంతువు ఉన్నది. ఆమెకు ఒక ఎనుము, దాని దూడ కలవు. దూడ చెంత నున్నగాని ఎనుము చేపదు. బిడ్డ జబ్బు పడగా ఆమె ఎనుమును పొరుగూరివానికి అమ్మినది. దూడకు వెల యిచ్చుటకు అతడు ఒప్పుకొనలేదు. దూడ ఆమె యింటనే నిలిచినది. ప్రతి సాయంకాలము ఎనుము పలుపు తెంచుకొని, గెనిమల మీదుగా నడచి పాత యింటికి వచ్చును. పొదుగు బరువెక్కి బాధపడు ఎనుమును చూడలేక ఆమె పాలు పితుకును. తెల్లవారి దానిని కొన్నవాని యింటికి తోలును. కొన్నవాడు పాలు తనవనెను. ఎనుము తనంత తానే వచ్చినది, పితికిన కష్టము తనది అని ఆమె యనెను. రాజా, పాలు ఎవరివి?

రాజు జవాబిది: "పాలు మొదట దూడవి. దూడను వదిలి ఎనుమును కొన్నవాడు సగమే కొన్నాడు. దూడను ఉంచుకొని ఎనుమును అమ్మిన ఆమె సగమే అమ్మినది. ఆ బేరము ఇంకను ముగియలేదు. వాడు దూడకు వేరే వెల యిచ్చి తోలుకొని పోవలెను. అంతవరకు పితికిన పాలు చెరి సగము."

పదునాలుగేండ్ల పిల్ల వ్రాసిన కథ యిది! చట్రము చెడలేదు. ప్రశ్నలో రెండువైపులను న్యాయమున్నది. జవాబు యొక్క విత్తనము రెండవ వాక్యముననే యున్నది. నేను మురిసి ఆమెకు మంచి మార్కులు ఇచ్చితిని. కాని ఎఱ్ఱ సిరా కలమును క్రింద పెట్టలేదు. 'ఎనుము'ను కొట్టివేసి 'గేదె' యని వ్రాసితిని. 'గెనిమ'ను కొట్టివేసి 'గట్టు' అంటిని. 'దూడ చెంత నున్నగాని చేపదు' అను చోట 'దూడకు తప్ప పాలివ్వదు' అని దిద్దితిని. ఎందుకట్లు చేసితిని? నేను ఉపాధ్యాయ శిక్షణ పొందినది సరిహద్దు కావల, ఆంధ్రప్రదేశ్‌లో. అక్కడ నా మాటను విని తోటివారు, "మీది తెలుగేనా, అరవమా?" అని నవ్విన దినములు కలవు. వారు నవ్విన మాటలన్నింటిని ఒక్కొక్కటిగా నా నోట నుండి తీసివేసితిని. తీసివేయుటయే చదువు అనుకొంటిని. తిరిగి వచ్చి, నా యూరి బిడ్డల నోట నుండియు తీసివేయుటకు పూనుకొంటిని.

మరునాడు దిద్దిన కథను తరగతిలో చదివించితిని. ముగియగానే ఒక బాలుడు లేచెను. "దూడకు తప్ప పాలివ్వని గేదె అయితే, ఆయమ్మ పాలు ఎట్లా పితికింది సార్? వాళ్ళు కొట్లాడుకొనే పాలు ఎక్కడివి?"

నా వద్ద జవాబు లేదు. పల్లె బిడ్డలకు చెప్పనక్కరలేదు. పట్టణపు బిడ్డలకై చెప్పుచున్నాను. దూడ వచ్చి మూతితో పొదుగును కుమ్మగా, పైన బిగబట్టిన పాలు చన్నులలోనికి దిగును. దానినే చేపుట యందురు. చేపిన పిదప దూడను ప్రక్కకు కట్టి పాలు పితుకుదురు. చేపని ఎనుమునకు పాలు లేవని కాదు. ఉన్నవి, కాని విడువదు. ఆ కథ కీలకమంతయు ఆ ఒక్క మాటలో నున్నది. నేను దానిని 'పాలివ్వదు' అని దిద్ది, కథ మెడ విరిచితిని. తప్పు లేని చోట తప్పు పెట్టుటయే గాక, ఒప్పును తప్పు చేసితిని.

ఆ బాలిక ఏమియు అనలేదు. తరువాత ఆమె వ్రాసిన వ్యాసములలో ఒక్క తప్పును లేదు. ఒక్క ప్రాణమున్న వాక్యమును లేదు. తల్లిదండ్రుల సమావేశమునాడు ఆమె తల్లి వచ్చి, మర్యాదగా నిలిచి, "మా పాప మీ మాటలు బాగా నేర్చుకొనింది సార్. ఇంట్లో కథలు చెప్పేది మాత్రం మానేసింది" అనెను. ఆమె నన్ను నిందింపలేదు. అందుచేత ఆ మాట మరింత లోతుగా దిగినది.

ఆ రాత్రి బహుజనపల్లి సీతారామాచార్యులవారి 'శబ్దరత్నాకరము'ను తీసితిని. 1885లో వెలువడిన ఆ నిఘంటువున ఎనుమును కలదు, చేపుటయు కలదు. ఎనుము ప్రాచీనమైన మాట. తమిళపు 'ఎరుమై', కన్నడపు 'ఎమ్మె' దానికి తోబుట్టువులు. మూడు భాషలు కలియు ఈ సీమలో ఆ మాట నిలిచియుండుట వింత కాదు. నేను అరవమని సిగ్గుపడిన మాట, మా అవ్వ నోటిలోని అచ్చ తెలుగు మాట.

మరునాడు తరగతిలో ఆ సంగతి చెప్పి, తప్పు నాదని ఒప్పుకొని, ఆ బాలికను తన కథను తన మాటలలోనే చదువుమంటిని. మొదట ఒప్పుకొనలేదు. నోటుబుక్కు తేలేదనెను. మూడవ దినమున తెచ్చినది. చదువుట ముగియగానే తరగతి రెండు పక్షములైనది. పాలు కొన్నవానివే యని కొందరు. పితికిన ఆమెవే యని కొందరు. తీర్పు తప్పని, ఎనుమునే అడుగవలెనని ఒకడు! గంట కొట్టినను వారు లేవలేదు. వాద మంతయు తెలుగుననే జరిగినది. "తెలుగులో మాట్లాడుడు" అని నేను చెప్పవలసిన పని ఆనాడు కలుగలేదు.

ఏ చెట్టు?

ఇప్పుడు ఈ పాఠము పేరునకు వత్తము. సోమదేవుని కథలో బేతాళుడు వ్రేలాడిన చెట్టు శింశుపా వృక్షము. అశోకవనమున సీత కూర్చుండినదియు అట్టి చెట్టు నీడనే. మన తమిళ సోదరుల నోట ఆ చెట్టు మునగచెట్టు అయినది. వేతాళము మరల మునగచెట్టు ఎక్కినదని వారికి సామెతయే కలదు. మీరు వీధిలో దానిని వినియుందురు. నేను చదివిన 'చందమామ'లో అది పేరు లేని చెట్టు. కథ చేరిన ప్రతి సీమయు తన పెరటి చెట్టుకే బేతాళుని వ్రేలాడదీసినది. బేతాళుడు దానికి అభ్యంతరము చెప్పలేదు. రాజు భుజము నొప్పియు మారలేదు.

అయిదవ నియమమిదే: చట్రము పరులది, చెట్టు మనది. అభిమాన కథ వ్రాయువాడు తాను ప్రేమించిన కథలోనికి వట్టి చేతులతో పోరాదు. తన యింటి మాటను, తన పొలము గెనిమను, తాను చూచిన తగవును వెంట తీసికొని పోవలెను. అప్పుడే ఇరువదియైదు కథల ప్రక్కన ఇరువదియారవ దానికి చోటు దొరకును.

ఆ బాలిక ఇప్పుడు మన పాఠశాలను దాటి పోయినది. పై తరగతులను తమిళ మాధ్యమమున చదివినది. అక్కడ తెలుగు పీరియడు లేదు. నిరుడు సంక్రాంతికి వచ్చి, నా వద్ద నున్న పాత సంచికల బైండు ఒకటి అడిగి తీసికొని పోయినది. తన ఎనుము కథను తోటి పిల్లలకు తమిళమున చెప్పితిననియు, వారికి వేతాళము ముందే తెలియును గనుక సులభమైనదనియు చెప్పెను. "చేపేదానికి మాత్రం వాళ్ళ మాట ఏదో అడిగి తెలుసుకొన్నా సార్" అని నవ్వెను. బైండును ఇంకను తిరిగి యియ్యలేదు. నేనును అడుగలేదు.

అభ్యాసము

1. బూడిదపై పడుకొన్నవానికే భార్య దక్కవలెనని రాజు చెప్పిన జవాబును మీరు ఒప్పుకొందురా? ఒప్పుకొననిచో, బేతాళుని ఎదుట నిలిచినట్లు భావించి మీ తీర్పును పది పంక్తులలో వ్రాయుడు.

2. మీ యూర మీరు కన్నులార చూచిన తగవు నొకదానిని తీసికొనుడు. ఇరుపక్షముల న్యాయమును రెండు వరుసలుగా వ్రాయుడు. ఒక వరుస పొట్టిదైనచో ఆ తగవును విడిచి, మరియొకటి వెదకుడు.

3. ఆ తగవును బేతాళ కథగా మలచుడు. జవాబు యొక్క విత్తనము ఏ వాక్యమున నున్నదో దాని క్రింద పెన్సిలుతో గీత గీయుడు.

4. మీ అవ్వ గాని తాత గాని వాడు మాటలలో పాఠ్యపుస్తకమున లేనివి ఐదింటిని సేకరించి, నిఘంటువున వెదకుడు. దొరకనివానిని నాకు చూపుడు, కొట్టివేయను.

తల్లిదండ్రులకు మనవి

బిడ్డ కథ వ్రాసి చదివి వినిపించునపుడు దయచేసి కొంచెము నిలిచి వినుడు. అక్షర దోషములను దిద్దుట మా పని. "ఇది నాకు ముందు చెప్పలేదే" అని అడుగుట మీ పని. చదువు రాని మా అవ్వ ఆ పనిని అనపకాయలు ఒలుచుచునే చేసినది. పై తరగతులలో మీ బిడ్డలు ఏ భాషలో చదువుదురో అది మీ చేతిలో గాని నా చేతిలో గాని సంపూర్ణముగా లేదు. రాత్రి భోజనముల పిదప ఇంట ఒక కథ నడచుట మాత్రము మీ చేతిలోనే యున్నది. మీకు తెలిసిన కథను చెప్పుడు. అది ముగిసిన పిదప బిడ్డ "ఆ తర్వాత ఏమయింది?" అని అడిగినచో, "నువ్వే చెప్పు" అని వానికే విడువుడు.